ఉద్దానం కోడలు చెప్పిన మాట

"మూత ఇంకోపాలి తియ్యి. ఆవిరి మొకానికి తగిలినట్టుండాల. అప్పుడు కళ్ళు మూసుకోని నవ్వు," అన్నాడు కామేశ్, ఫోను స్టాండుకు బిగిస్తూ.

ప్రమోదిని నాలుగోసారి మూత తీసింది. పనసకాయ కూర అప్పటికే సగం చల్లారిపోయింది. ఆవిరి రాలేదు. కామేశ్ విసుక్కుని లోపలికి వెళ్ళి, గ్యాసు మీద మరిగించిన నీళ్ళ గిన్నె తెచ్చి కుండ వెనకాల పెట్టాడు. ఈసారి ఆవిరి వచ్చింది. ప్రమోదిని కళ్ళు మూసుకుని నవ్వింది.

వంటింట్లో గ్యాసు పొయ్యి ఉండగా పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య మట్టిపొయ్యి కట్టించింది వీడియోల కోసమే. ప్రతిసారీ దాన్ని అలికేది ఆమే, ముగ్గు పెట్టేది ఆమే, పుల్లలు ఎగదోసేది ఆమే. కెమెరా ఆపాక మసిపట్టిన కుండలన్నీ తోముకుని, చీర మార్చుకుని, ఇంట్లోవాళ్ళు తినడానికి మళ్ళీ గ్యాసు మీద వండేదీ ఆమే. "మావోడు ఈ సానల్ కోసం ఎంత కట్టపడతన్నాడో ఆ బగమంతుడికే తెలుసు," అనేది అత్త సీతారత్నం, ఇంటికొచ్చిన వాళ్ళతో. ప్రమోదిని వాళ్ళకి టీ అందిస్తూ ఆ మాట వినేది. కామేశ్ చేతిలో ఫోను ఉంది కాబట్టి అతనిది పని. తన చేతుల్లో ఉన్నవి తెరమీద అందంగా కనిపిస్తాయి కాబట్టి అవి పని కాకుండా పోయాయి.

చానల్ పేరు 'ఉద్దానం కోడలు'. సోంపేట బజారులో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని, "నువ్వు కోడలివి కదూ," అని ఫొటో దిగేవాళ్ళు. పేరేమిటని ఒక్కరూ అడగలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె అదే సోంపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పింది. ఎండాకాలం సెలవుల్లో టీచర్లంతా కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించాలి. ఒక ఏడాది ర్యాంకు వచ్చిన పిల్ల పక్కన ఆమె ఫొటో వేసి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఆ పిల్లకి ఆమె ఏనాడూ పాఠం చెప్పలేదు. అడిగితే, "మొహం నమ్మకంగా ఉంటాది కదమ్మా, అందుకే," అన్నాడు ప్రిన్సిపాల్. ఉద్యోగం మానేసి చానల్లోకి వచ్చిన రోజున ఆ బెడద వదిలిందనుకుంది. ఇప్పుడు ఎటు చూసినా అదే కనిపిస్తోంది. సీమంతంలో ఫొటో అతను ఆగమంటే గాజులు తొడగడం ఆగుతోంది. మనిషి పోతే కట్టే ఫ్లెక్సీలో, పోయిన మనిషి కన్నా నివాళులర్పించేవాళ్ళ మొహాలు పెద్దవిగా ఉంటున్నాయి. అందరూ ఎవరో చూస్తున్నారన్నట్టే బతుకుతున్నారు. తనూ అంతే. ఒక్కోసారి గదిలో ఒంటరిగా బట్టలు మడతపెడుతూ కూడా నవ్వుతూ ఉండేది. గమనించుకుని పెదాలు బిగించుకునేది.

కెమెరా లేని రోజులు ఆమెకు వారానికి రెండు. మంగళవారం, శుక్రవారం. ఆ రోజుల్లో తన కన్నతల్లిని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళేది. ఉద్దానంలో ఎన్నో ఇళ్ళకి వచ్చిన కిడ్నీ జబ్బే ఆ ఇంటికీ వచ్చింది. తండ్రి ఎప్పుడో పోయాడు, ఇంకెవరూ లేరు. బస్సులో తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోతే, ప్రమోదిని కిటికీలోంచి జీడితోటల్ని చూస్తూ కూర్చునేది. ఆ ప్రయాణం ఆమెకు విశ్రాంతి. విశ్రాంతి కోసం తల్లి జబ్బుపడాల్సి వచ్చిందే అనుకుని సిగ్గుపడేది.

ఒక శుక్రవారం ఫోను పట్టుకుని కామేశ్ కూడా వచ్చాడు. తల్లి చేతిమీద ఉబ్బిన నరాల్ని పైటకొంగుతో కప్పుకుంటే, "కొంగు తియ్యత్తా, సెయ్యి కనబడాల," అన్నాడు. ఆమె కూతురి వైపు చూసి, కొంగు తీసింది. ఆ వీడియోను చానల్లో మరే వీడియోనూ చూడనంతమంది చూశారు. పది రోజుల్లో ఒక మూలికల పొడి కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు.

వాళ్ళు పంపిన కాగితం మీద ఆమె చెప్పాల్సిన మాటలున్నాయి. 'మా అమ్మ మూడు నెలలు ఈ పొడి తాగింది. ఇప్పుడు సూదులు లేవు, ఆసుపత్రి లేదు. నా తల్లిని నాకు తిరిగిచ్చింది.'

"బావా, అమ్మని మొన్ననే కదా పలాస తీసుకెళ్ళాను," అంది ప్రమోదిని.

"అయితే ఏటి? సబ్బు రాసుకుంటే తెల్లగయిపోతారని టీవీలో సెప్తే నువ్వు నమ్మీసినావేటి? ఎవులూ నమ్మరు. పెకటన అంటే అందరికీ తెలుసు."

"నమ్మకపోతే వాళ్ళు మనకి డబ్బెందుకిస్తున్నారు?"

సీతారత్నం అందుకుంది. "మొగుడు పైకొత్తన్నాడంటే అడ్డం పడతావేటే? ఒక్క మాట అంటే నీ సొమ్మేటి పోతాది? వారానికి రెండు రోజులు నిన్ను పుట్టింటి పనికి పంపతన్నాం. ఒక్క పాలి అడ్డు సెప్పినామా?"

ఆ ఆఖరి మాటే ఆమెను లొంగదీసింది. మంగళవారాలు, శుక్రవారాలు పోతాయేమోనని భయం. పదకొండుసార్లు తీశారు. మొదట్లో మాటలు తప్పాయి. ఆఖరికి వచ్చేసరికి 'మా అమ్మకి తగ్గిపోయింది' అంటుంటే, దేవుడి ముందు మొక్కుకుంటున్నట్టుగా కళ్ళు వాటంతటవే నీళ్ళతో నిండాయి. "ఇదీ కావలసింది," అన్నాడు కామేశ్.

వాళ్ళింటికి రోజూ చేపలు తెచ్చే నీలవేణిది సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. ఆమె భర్త సోములు కూడా డయాలసిస్ మనిషే. బుట్ట దించగానే, "మీ అమ్మకెలగున్నాదమ్మా," అని అడిగి, తన భర్త సంగతి చెప్పి, అప్పుడు చేపలు చూపించేది. పొడి వీడియో వచ్చాక ఆ ప్రశ్న అడగడం మానేసింది. ప్రమోదినికి అది హాయిగానే అనిపించింది. ఎందుకు మానేసిందో ఆలోచించలేదు. నెల తిరిగేసరికి నీలవేణి రావడమే మానేసింది. తర్వాత కొన్నాళ్ళకు సోములు పోయాడని కబురు తెలిసింది.

పెద్దకర్మ అయ్యాక ఒక గురువారం కామేశ్ బియ్యం బస్తా కొన్నాడు. "మనింటికి సేపలిచ్చే మనిషి. సాయం సేద్దాం. పాపం, ఆమెని అందరికీ తెలుసు, మన వీడియోల్లో కనబడింది కూడా," అన్నాడు. ప్రమోదిని వెళ్ళాలనే అనుకుంది, కానీ ఇలా కాదు. బైకు మీద ఆమె ఒడిలో స్టాండూ లైటూ ఉన్నాయి.

నీలవేణి ఇంటి ముందు చాప వేసింది. పక్కిళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు వచ్చి నిలబడ్డారు. బస్తా మీద ఇద్దరి చేతులూ ఉండేట్టు కూర్చోబెట్టి, కామేశ్ ఫోను ఆన్ చేశాడు.

"సోములన్న ఎలగ పోనాడో సెప్పమ్మా," అన్నాడు మెత్తగా.

"సుకంగా పోనాడు బాబూ," అంది నీలవేణి. "ఈ కోడలమ్మ దయవల్ల ఆకరి రోజుల్లో సూదులు తప్పినాయి. ఇలగ ఈయమ్మ తల్లికి తగ్గిపోనాదని ఫోన్లో సూసి సెప్పినాను. నాకొద్దే ఆ ఆసుపత్రి అన్నాడు. మానీసినాం. పొడి తాగినాడు. పది రోజులకి ఒళ్ళు ఉబ్బిపోనాది. మేం ఆలీసెంగా మొదలెట్టినాం కామోసు. ముందే తాగించుంటే బతికీవోడు."

ప్రమోదిని బస్తా మీంచి చేతులు తీసేసింది. ఇన్నాళ్ళూ తను అబద్ధం ఆడానని కుమిలింది. అది ఎక్కడికి వెళ్ళిందో, ఎవరి గడప ఎక్కిందో మాత్రం చూడలేదు. ఈమె తనని తిట్టడం లేదు. ఆలస్యం చేశానని తనని తానే తిట్టుకుంటోంది.

నీలవేణి లేచి లోపలికి వెళ్ళి, సగం పొడి ఉన్న డబ్బా తెచ్చింది. "ఇది మిగిలిపోనాది. పారెయ్యబుద్ది కాలేదు. మీ అమ్మకి పనికొత్తాది, తీసుకెల్లమ్మా."

"ఒక్క నిమిసం," అన్నాడు కామేశ్. "మైకు సరిగ్గా పడనేదు. డబ్బా ఇచ్చినకాడనుంచి ఇంకోపాలి సెప్పమ్మా. దయవల్ల అన్న ముక్క కూడా ఉండాల."

నీలవేణి ఏం చెయ్యాలో తెలియక డబ్బా పట్టుకుని మళ్ళీ లోపలికి నడవబోయింది. ప్రమోదిని ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీలవేణమ్మా, మా అమ్మకి తగ్గలేదు. మొన్న మంగళవారం కూడా సూదులు పెట్టించుకుంది. నేను చెప్పింది అబద్ధం. ఈ పొడి మా అమ్మ ఒక్క రోజు కూడా తాగలేదు."

కామేశ్ ఫోను దించేశాడు. "పిచ్చా ఏటి నీకు? నడు, ఇంటికి."

నీలవేణి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత చేతిలోని డబ్బాను చూసింది. కొడుతుందేమో అనుకుంది ప్రమోదిని. కొడితే బాగుండనుకుంది. నీలవేణి కొట్టలేదు. చాప మీద కూలబడి, "నానే మానిపించినాను," అని మెల్లగా అంది. మళ్ళీ అదే అంది. ఏడవలేదు.

"నువ్వు కాదమ్మా, నేను," అంది ప్రమోదిని. ఆ మాట ఎంత చిన్నదో అంటుండగానే తెలిసింది.

కామేశ్ బైకు స్టార్టు చేసి హారన్ కొట్టాడు. ఈ వీడియో బయటికి రాదని ఆమెకు తెలుసు. అతని ఫోన్లో పదకొండుసార్లు చెప్పిన అబద్ధం ఉంటుంది, ఒక్కసారి చెప్పిన నిజం ఉండదు. రేపు శుక్రవారం పలాస ప్రయాణానికి అత్త ఏమంటుందో కూడా తెలుసు. ఆ హారన్ వింటూనే లేచి నిలబడింది.

"ఈ ఊళ్ళో ఇంకెవరు తాగుతున్నారు ఇది?" అని అడిగింది.

నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నీలవేణి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "రెండిళ్ళకి నానే సెప్పినాను," అని, వెనక్కి చూడకుండా ఇసకదారిలో నడిచింది. ప్రమోదిని ఆమె వెంట వెళ్ళింది. వెనకనుంచి బైకు హారన్ మరో రెండుసార్లు మోగి ఆగిపోయింది.

మొదటి ఇంటి గుమ్మంలో రాణి అనే పిల్ల వలలోంచి ఆకులు ఏరుతోంది. లోపల మంచం మీద ఆమె అత్త పడుకుని ఉంది, కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. ప్రమోదినిని చూడగానే రాణి మొహం విప్పారింది. "కోడలక్కా, నువ్వేటి ఇలగొచ్చినావు?" అంటూ ఫొటో కోసం ఫోను వెతుక్కోబోయింది. నీలవేణి గుమ్మం పక్కన ఆగిపోయి, "నానేటీ అనను. నువ్వే సెప్పు," అంది.

ప్రమోదిని చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"రేపు పొద్దున్న బస్సుకి మా అమ్మని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్తున్నాను," అంది. "మీ అత్తని కూడా ఎక్కించు."