గోవింద హాజరు

తాలూకా కచేరీ మార్కాపురంలో, కలెక్టరు కర్నూలులో, గవర్నరు మద్రాసులో ఉంటే, మా ఊరి బడి వరండాలో మాత్రం ప్రెసిడెంటు లక్ష్మీనరసయ్యదే రాజ్యం. పంచాయితీ బోర్డు మీటింగు అక్కడే జరిగేది. మొదలుపెట్టే ముందు ఆయన స్వామి పటానికి టెంకాయ కొట్టి, హారతి ఇచ్చి, శ్లోకం చదివి, చివర "గోవిందా!" అని ఎలుగెత్తేవాడు. మెంబర్లంతా "గోవింద!" అనేవారు.

గుమాస్తా మాలకొండయ్యకు పేరుపేరునా పిలవడమంటే బద్ధకం. గోవింద అన్నవాళ్లు వచ్చినట్టు, అననివాళ్లు రానట్టు హాజరు వేసేవాడు. అది తన భక్తి అని చెప్పుకునేవాడు. సోమరితనానికి అంత మంచి పేరు నేనింకెక్కడా వినలేదు.

అననివాడు ఒక్కడే, ఊరవతలి పాలెం తరఫున సర్కారు నామినేట్ చేసిన సత్యానందం. కిరస్తానం పుచ్చుకున్న కుటుంబం, కూలి పని. హారతి ఇస్తున్నంతసేపూ మర్యాదగా లేచి నిలబడేవాడు గానీ ఆ మాట నోటి నుంచి వచ్చేది కాదు. దాంతో వచ్చినా రానట్టే లెక్క. వరసగా మూడు మీటింగులకు రాకపోతే మెంబరుగిరీ పోతుంది. అప్పటికి రెండు అయిపోయాయి. మూడోదాంట్లో పాలేనికి వేరే బావి తవ్వించే సంగతి రావాలి. అది ఎత్తాల్సినవాడు అతనే.

పాలెం ఆడవాళ్లు ఊరి బావిని తాకకూడదు. ఎవరో ఒకరు దయతలచి చేదిపోసేదాకా ఎండలో కడవలతో నిలబడాలి. సత్యానందం భార్య జ్ఞానమ్మకు రోజూ అదే పని.

మీటింగు నాటి పొద్దున ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ ఒక్క మాట అనేస్తే ఏంది? నీ గుండెలో యేసయ్య ఉండాడు గదా. అనేది నోటితోనే గదా?"

"ప్రార్థన చేసేదీ ఈ నోటితోనే గదే."

"అట్లనే పట్టుబట్టు. కడవ మోసేది నువ్వా, నేనా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అనేస్తే పోలా అనుకుంటూనే వరండా దాకా నడిచాడు.

టెంకాయ పగిలింది. హారతి అయింది. శ్లోకం ముగిసింది. లక్ష్మీనరసయ్య "గోవిందా!" అన్నాడు. అందరూ "గోవింద!" అన్నారు. సత్యానందం నోరు తెరిచాడు.

"ఉండానయ్యా!" అన్నాడు.

ప్రెసిడెంటు హారతి పళ్లెంతోనే వెనక్కి తిరిగాడు.

"ఏందిరా సత్యానందం, నేను స్వామిని పిలిస్తే నువ్వు పలుకుతావేంది?"

"స్వామిని పిలిచినారని నాకెట్ల తెలుసయ్యా? గుమాస్తయ్య హాజరు వేసేది ఆ పిలుపుకే గదా. పలకలేదని రెండు తూర్లు నేను రానట్టు రాసినాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలి రైతు చెన్నకేశవులు నవ్వలేదు. ప్రతి తిరుణాలకూ కాలినడకన పోయే మనిషి ఆయన. కోపంగా మాలకొండయ్య వైపు తిరిగాడు.

"ఏందబ్బాయ్, స్వామి పేరుతో హాజరు వేస్తాండావా? ఇన్నాళ్లు నేను స్వామికి చెప్పుకున్న గోవిందలన్నీ నీ హాజరుకు పోయినాయా?"

మాలకొండయ్య తల గోక్కున్నాడు. ప్రెసిడెంటుకు ఉక్రోషం వచ్చింది.

"సరే, వాని ప్రార్థన గూడా వాణ్ణి చేసుకోమను. ఎవరొద్దన్నారు?"

"వద్దయ్యా," అన్నాడు సత్యానందం. "నాది ఇంట్లో చేసుకొనే వచ్చినా. నా ప్రార్థనకు మీరు నిలబడేది వద్దు, మీ ప్రార్థనకు నేను పలికేది వద్దు. ఇక్కడ బోర్డు పని చూసుకుందాం."

"టెంకాయ ఇకమీద గుడిలోనే కొట్టుకొని వద్దాం," అన్నాడు చెన్నకేశవులు. "పిలువబ్బాయ్ పేర్లు."

ఆ ముసలాయన మాట కాదనడం ఊళ్లో ఎవరి వల్లా కాదు. మాలకొండయ్య పేర్లు పిలిచాడు. లక్ష్మీనరసయ్య అంతటివాడు కూడా బడిపిల్లవాడిలా "ఉండాను" అనాల్సి వచ్చింది. ఆఖరున "సత్యానందం" అని వినపడింది. ఆ వరండాలో ఆ పేరు పిలవడం అదే మొదలు.

బావి సంగతి వచ్చినప్పుడు పెద్ద వాదనేమీ జరగలేదు. తమ బావి దగ్గర గుంపు తగ్గుతుందని మెంబర్లలో చాలామందికి లోపల ఆశే. చెన్నకేశవులు ముందు చెయ్యెత్తాడు, తక్కినవాళ్లు ఆయన వెనక ఎత్తారు.

సత్యానందం ఇంటికి పోకుండా నేరుగా ఊరి బావి దగ్గరికి నడిచాడు. జ్ఞానమ్మ ఖాళీ కడవతో ఓ పక్కగా నిలబడి ఉంది. మొగుడి మొహం చూసి బావి రాలేదనుకుంది.

"మన బావి గోవిందేనా?" అంది.

సత్యానందం పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ మాట నేను అనకుండానే బావి వచ్చిందే. నువ్వెందుకంటావు?"

జ్ఞానమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత కడవ కింద పెట్టి, ఇన్నేళ్లు నిలబడిన చోటనే కూర్చుండిపోయింది.