సుద్దగీత ఎక్కడిదాకా

కటింగ్ మాస్టారికి నోరెక్కువ. గుండుసూది మొన కాస్త తగిలినా కొట్టు కప్పు ఎగిరిపోయేలా "అబ్బా!" అని అరుస్తాడు. ముప్పయ్యేళ్ళుగా సూదితోనే బతికే మనిషికి ఇంత సున్నితం ఏమిటో వాళ్ళక్కకి ఇప్పటికీ అంతుబట్టలేదు. ఆ కొట్లో కాజాలు తీసేది, బొత్తాలు కుట్టేది ఆవిడే. చిన్నప్పుడు వాడి చేత మొదటిసారి సూదిలోకి దారం ఎక్కించిందీ ఆవిడే. అందుకే వీధంతా మాస్టారూ అని పిలిచే మనిషిని ఆవిడ మాత్రం ఒరేయ్ అంటుంది.

సోమవారం పొద్దున్న మాస్టారు కత్తెర బల్ల మీద పడేసి లేచాడు.

"ఈ ప్యాంటు నడుము నువ్వేగా బిగించావు? ఊపిరాడ్డం లేదక్కా."

"నీ పొట్ట పెరిగితే తప్పు నాదా?"

మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. మెళ్ళో టేపు తీసి నడుముకి చుట్టుకున్నాడు. ముప్పై నాలుగు. పోయినేడూ ముప్పై నాలుగే. తప్పు గుడ్డదేనని తేల్చేసి, కుట్టు విప్పి అంగుళం వదిలాడు. మధ్యాహ్నానికి ఇంకో అంగుళం వదిలాడు. సాయంత్రం లేచి నిలబడేసరికి ప్యాంటు కాస్తా జారి మోకాళ్ళ మీదికి వచ్చింది. అక్క పడీపడీ నవ్వింది.

"ప్యాంటు ఊడింది గానీ బిగువు పోలేదు," అన్నాడు మాస్టారు, నడుం చుట్టూ తడుముకుంటూ. అతను నవ్వలేదు.

ఇంకొకరైతే అప్పుడే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. కుట్టుపనివాళ్ళు పరిగెత్తరు. ఒంటి మీద ఏ బిగువైనా కుట్టు విప్పితే పోతుందని వాళ్ళకి గట్టి నమ్మకం. పైగా వాచ్‌మన్ల యూనిఫారాలు నలభై జతలు శుక్రవారానికి ఇవ్వాలి. అంతకుముందు వారం మాస్టారికి వచ్చిన జ్వరంతో పని ఎలాగూ వెనకబడింది. గాలి పట్టేసి ఉంటుందిలే, వేడినీళ్ళు తాగమంది అక్క. ఆ మాట అన్నందుకు ఆవిడ తర్వాత తనని తాను ఎంత తిట్టుకుందో.

మంగళవారం కిందపడ్డ బొత్తం కోసం అక్క వంగితే మిషను పెడలు మీద రక్తం కనపడింది. మాస్టారు చెప్పులు విడిచి తొక్కుతాడు. కుడి అరికాల్లో విరిగిన మిషను సూది సగం దాకా దిగి ఉంది. పెడలు మాత్రం ఆగలేదు.

"ఒరేయ్, కాలు!"

"ఏమైంది?"

అబ్బా అని ఇల్లు పీకి పందిరి వెయ్యాల్సినవాడు ఏమైంది అంటున్నాడు. ఆవిడ చతికిలబడి సూది లాగేసింది. అయినా కిమ్మనలేదు. గుండుసూది తీసుకుని చీలమండ దగ్గర పొడిచింది, పిక్క మీద పొడిచింది. మోకాలికి బెత్తెడు పైన "అబ్బా!" అన్నాడు. అక్కడ సుద్దతో గీత గీసి, కొలతలు రాసినట్టు పక్కన టైము వేసింది. బండి వచ్చేలోగా గీత తొడ మధ్యకి ఎక్కింది. ఆసుపత్రి చేరేసరికి నడుం దగ్గరుంది, మాస్టారు తన కాళ్ళ మీద నిలబడలేకపోయాడు.

డాక్టరమ్మ దుప్పటి తొలగించి గీతలన్నీ చూసింది.

"ఇవి ఎవరు గీశారు?"

"నేనేనమ్మా. తుడిచెయ్యనా?"

"అస్సలు తుడవకండి."

స్కానింగు అయ్యాక అక్కని పక్కకి పిలవకుండా, మంచం దగ్గరే నిలబడి చెప్పింది. వెన్నుపాము వాచింది, చుట్టూ ఉండే పొరలకీ పాకింది. ఏ లక్షల మందిలోనో ఒకరికి వస్తుంది. జ్వరంతో పోరాడాల్సిన శక్తి దారి తప్పి సొంత ఒంటి మీదే పడింది. వాపు తగ్గే మందు సెలైన్లో ఎక్కిస్తున్నాం.

"గీత ఆగిందంటే మందు పట్టినట్టు. చంక దాటిందా, ముందు చిటికెన వేలు మొద్దుబారుతుంది. తర్వాత చేతులు, ఆ పైన ఊపిరి. అలా అయితే క్షణం ఆలస్యం చెయ్యకూడదు, ఊపిరి మిషనున్న వార్డుకి మార్చి వేరే చికిత్స మొదలుపెట్టాలి. గంటగంటకీ చూస్తూ ఉండండి. మా నర్సూ చూస్తుంది. కానీ సూది తెలిసిందో లేదో చెప్పాల్సింది ఆయనే."

"నాకున్న మిషన్లు చాలవా, ఊపిరికో మిషనా!" అన్నాడు మాస్టారు.

బుధవారం పొద్దున్న ఆరింటికి గీత రొమ్ము దాకా వచ్చింది. ఏడింటికి అక్కడే. ఎనిమిదింటికీ అక్కడే. ప్రతిసారీ కళ్ళు మూసుకుని "అబ్బా, మెల్లగా" అంటున్నాడు. నర్సు పొడిచినా అదే మాట. మందు పడుతున్నట్టుందని డాక్టరమ్మ అనగానే అక్కకి ప్రాణం లేచొచ్చింది. తొమ్మిదింటికి మాస్టారి చేతిలోంచి నీళ్ళ గ్లాసు జారి పడింది. చెమటకి జారిందన్నాడు. ఆవిడ తిట్టుకుంటూ నేల తుడిచింది.

"కాళ్ళు పోయినా ఫరవాలేదక్కా," అన్నాడు ఉన్నట్టుండి. "మిషనుకి మోటారు పెట్టించి చేత్తో నడుపుకుంటా. చేతులుంటే చాలు."

"నోర్ముయ్. కాళ్ళూ ఉంటాయి, చేతులూ ఉంటాయి. నలభై జతలూ నీ చేతే కుట్టిస్తాను."

పదింటికి ఆవిడ అతని చిటికెన వేలు పట్టుకుంది.

"కళ్ళు మూసుకో."

మూసుకున్నాడు. సూది ఎత్తింది. సరిగ్గా అప్పుడే వెనక ఎవరో ట్రే కింద పడేశారు. ఆవిడ ఉలిక్కిపడి తల తిప్పింది.

"అబ్బా! మెల్లగా అక్కా."

సూది ఇంకా గాల్లోనే ఉంది. వేలికి జానెడు దూరంలో ఉంది.

అక్క ఈసారి వేలి కొసన గట్టిగా పొడిచింది. రక్తం బొట్టు ఉబికింది. మాస్టారు కళ్ళు మూసుకునే, ముఖాన నవ్వు పులుముకుని, తర్వాత పొడవబోయే సూది కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆవిడ చూపు అతని ఛాతీ మీదికి పోయింది. ఒకదాని మీద ఒకటి గీసిన గీతలు, పక్కన ఏడు, ఎనిమిది, తొమ్మిది. అందులో ఏది నిజమో ఇప్పుడు ఎవరిని అడగాలి? సూది మంచం మీద పడేసి లేచింది.

మాస్టారు కళ్ళు తెరిచి అక్క ముఖం చూశాడు. అంతా తెలిసిపోయిందని అతనికీ అర్థమైంది.

"చెప్పకక్కా... నన్ను ఆ వార్డుకి... పంపించకు."

అంత చిన్న మాట చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. డాక్టరమ్మా అని అరుస్తూ అక్క అప్పటికే పరిగెడుతోంది.