కళ్లు మూసుకునే మెకానిక్

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో నలభై మిషన్లకు ఇద్దరు మెకానిక్కులు. ఒకడు తుఫాను. చేతిలో స్పానరు, చొక్కా నిండా మరకలు, కాలు ఒకచోట నిలవదు. రెండోవాడు మునీశ్వరుడు. వరసల మధ్య స్టూలు వేసుకుని కళ్లు మూసుకుంటాడు. నిద్ర కాదు, వింటాడు. అంత రొదలోనూ ఏ మిషన్ గొంతు మారిందో పట్టేసి, భోజనాల వేళ దాన్ని విప్పి సరిచేసి, చేతులు కడిగేసుకుంటాడు. ఆ పేరు పెట్టింది తొమ్మిదో మిషన్ మీద కుట్టే అతని వదినే.

మేనేజరుది అద్దాల గది. అన్నీ కనిపిస్తాయి, ఏదీ వినిపించదు. కనిపించిందే వేదం ఆ మహానుభావుడికి.

హెడ్ మెకానిక్ ఉద్యోగం ఖాళీ అయింది. పదకొండేళ్లుగా మునీశ్వరుడు దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. అతని వరసల్లో మిషన్ ఆగి ఏడాది దాటింది. తుఫాను వరసల్లో రోజుకొకటి ఆగేది, వాడు పరుగెత్తేవాడు. ఉద్యోగం తుఫానుకే దక్కింది.

"నేను నిద్రపోవట్లేదు సార్, వింటున్నా," అన్నాడు మునీశ్వరుడు మేనేజరు దగ్గరికి వెళ్లి.

"వినడం కూడా ఒక పనేనా? అతన్ని చూడు, ఒక్క నిమిషం కూర్చుంటాడా? ఇలాగే ఉంటే ఇంకో చోటు చూసుకో."

కడుపు మండిపోయింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్న పెద్దమనిషి ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేసి ఉండడు.

మర్నాడు స్టూలు మూలకు నెట్టేశాడు. మూడో రోజు పొద్దున్నే తొమ్మిదో మిషన్ గొంతు మారింది. సూదిని పట్టి ఉంచే కడ్డీ వదులవుతోంది. పది నిమిషాల పని. స్పానరు దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. మిషన్ ఆగనీ, అప్పుడే పరుగెత్తుదాం, మేనేజరు కళ్లూ చల్లబడతాయి అనుకున్నాడు.

సాయంత్రం సూది టప్పున విరిగింది. వదిన కేక పెట్టింది. విరిగిన ముక్క ఆమె బొటనవేల్లో దిగబడింది. మునీశ్వరుడు పడుతూ లేస్తూ పరుగెత్తి, మిషన్ ఆపి, ముక్క లాగి, వేలికి గుడ్డ చుట్టాడు. చొక్కా నిండా గ్రీజు, నెత్తురు.

అద్దాల గది తలుపు తెరుచుకుంది. మేనేజరు వచ్చి అతని భుజం తట్టాడు.

"శభాష్! పనంటే ఇదీ. ఇన్నాళ్లూ ఈ చురుకు ఎక్కడ దాచావయ్యా?"

ఆయన వెళ్లాక వదిన అతని మొహంలోకి చూసింది.

"నీకు ముందే వినపడేదిగా మరిదీ! ఇవాళ వినపడలేదా?"

అతను వంగి సూది ముక్కలు ఏరుకుంటూ, "లేదొదినా," అన్నాడు.