నాలుగో ప్యాకింగ్

నేను ఒక మోటారు సైకిలు ఇంజన్ని. ఒంటి సిలిండరు, మూడు వందల యాభై సీసీ, వయసు అరవై దాటింది. మనుషులకైతే ఈ వయసులో పింఛను. నాకు ఇంకా తన్నులే.

"పాతకాలం సరుకండీ, రాజాలాంటి బండి!" అని మురిసిపోయేవాళ్లను నమ్మకండి. నన్ను పోతపోసింది రాజులు కాదు, కొలిమి సెగకు కనుబొమలు కాల్చుకున్న కూలీలు. వాళ్ల పేర్లు నా మీద లేవు. కంపెనీ పేరుంది.

మొదట ఒక కాంపౌండరు దగ్గర పనిచేశాను. మంచివాడే. నాకు అసలు నూనె పోసేవాడు, రోగులకు రంగునీళ్లు పోసేవాడు. ఆయన తరవాత కనకారావు చేతిలో పడ్డాను. ఆయనది మహా తెలివి. పెట్రోలు తాగే నా చేత రేషను కిరసనాయిలు తాగించాలనుకున్నాడు. సిలిండరు కింద సందు మూయడానికి కాగితమంత పల్చటి ప్యాకింగ్ ఒకటి ఉంటే చాలు. ఆయన రేకు ప్యాకింగులు దొంతరగా పేర్చి సిలిండర్ని పైకి లేపాడు. లోపల జాగా పెరిగింది, ఒత్తిడి చచ్చింది. కిరసనాయిలు మండింది. బజారంతా "ఏం బుర్ర!" అంది. బుర్ర ఆయనది, పోయిన ఊపిరి నాది.

ఆ మీదట భీమిలి నూకాలమ్మ నన్ను కొంది. పెట్రోలే పోసింది పాపం, లోపలి రేకుల సంగతి ఆమెకు తెలీదు. ఎండుచేపల గంపలు అటూ ఇటూ కట్టుకుని అనంతగిరి ఘాటీ మీది సంతకు బయల్దేరేది. నేను సగం ఘాటీలో చతికిలబడేవాణ్ని. చేరేసరికి సంత విడిపోయేది. అక్కడొక కట్టు ఉంది: వరసగా మూడు సంతలు తప్పితే కూర్చునే జాగా ఇంకొకరిది. నావల్ల రెండు పోయాయి.

మూడోదానికి ముందు, శృంగవరపుకోటలో దాలినాయుడనే ముసలి మేస్త్రీ నన్ను విప్పాడు. ఒక రేకు తీశాడు. ఇంకోటి. ఇంకోటి. నూకాలమ్మ గొల్లుమంది.

"ఓరి నాయనో! సామానంతా పీకేత్తన్నావేటి? సేపలకి నాలుగు ప్యాకింగులు సుడితే గానీ ఆసన ఆగదు. ఇంజనికి ఒకటి సాలుద్దేటి?"

"నీ ఇంజను సేపేటే అమ్మా?"

"సేపకున్న ఇలవ కూడా లేదు దీనికి. బస్సులోలు కంపు అని దింపేత్తన్నారని కొన్నాను గానీ!"

మేస్త్రీ నవ్వుతూ బిగించి తన్నాడు. లోపల ఒత్తిడి చాలక కిక్కు మెత్తగా కిందికి జారింది. నవ్వు ఆగింది.

"ఇంకా ఏదో ఉన్నాది."

మళ్లీ విప్పాడు. గోటితో గీకాడు. బంక పూసి, రంగేసి, నా ఒంట్లో కలిసిపోయిన నాలుగో రేకు! నిజం చెబుతున్నా, అది నా ఒళ్లే అనుకున్నాను. ఎవడో బిగించిపోయినదాన్ని పుట్టుకతో వచ్చిందనుకుని ఇరవై ఏళ్లు బతికాను. నవ్వకండి. మీలో ఎంతమంది అలా బతకడం లేదు?

ఉండాల్సిన కాగితం ప్యాకింగ్ పెట్టి, లోపలి కడ్డీలు సరిచేసి, నూకాలమ్మనే తన్నమన్నాడు. తన్నింది. నేను ఎదురు తన్నాను.

"ఓలమ్మో, నా కాలు!"

"అదీ! ఇప్పుడొచ్చినాది పేణం," అన్నాడు మేస్త్రీ. "ఇంక మొహమాటంగా తంతే ఊరుకోదు. గట్టిగా తన్నాల."

సంత రోజు తెల్లవారుతూనే ఘాటీ ఎక్కాం. నేను ఎప్పుడూ కూలబడే మలుపు రాగానే ఆమె కొండదేవతకు మొక్కుకోబోయింది. "తల్లీ" అనేలోపే మలుపు వెనకబడింది.

సంతలో ఆమె జాగాలో ప్లాస్టిక్ బిందెలవాడు అప్పుడే పట్టా పరుస్తున్నాడు.

"నీ పని అయిపోనాదనుకున్నానే అప్పా!"

"అయిపోతే నీకు సెప్పే పోతాను లే. ముందు ఆ బిందెలెత్తు."

గొణుక్కుంటూ ఎత్తాడు. ఆమె గోనె పరిచి, గంపలు విప్పి, కొంగు దోపి కూర్చుంది. కొండ ఆడవాళ్లు చుట్టూ మూగారు. నేను ఆమె వెనకాలే నిలబడి ఉన్నాను, ఒళ్లు సెగలు కక్కుతోంది. ఇప్పుడు ఆ జాగాలోంచి ఆమెను ఎవడు లేపుతాడో రమ్మనండి.