ఉప్పునీళ్ళ ఎలుకకి సంతోషమెందుకు

అయినా ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కించిన ఎలుకకి అంత సంతోషమెందుకు రావాలి, మార్ఫిన్ ఎక్కించినదానికి వచ్చిందంటే అర్థముంది, ఓపియాయిడ్ గ్రాహకాలకు మార్ఫిన్ తగలగానే సెరటోనిన్ కణాలను అదిమిపెట్టే కాపలా కణాలు నోరు మూసుకుంటాయి, సెరటోనిన్ పొంగుతుంది, మరి ఈ పిచ్చిదానికేమైంది అని తల బద్దలుకొట్టుకున్న ఒదీల్‌కి ప్రయోగశాల పెద్ద గాస్పార్ నిన్న నవ్వుతూ అన్నదే చెవిలో తిరుగుతోంది, సూది వేసేముందు మెడ గోకి ముద్దుచేస్తున్నావా తల్లీ, అదే నీ మార్ఫిన్, ప్రయోగమంతా గంగలో కలిపావు పో, ఏం చేయను గాస్పార్, పాపం సూది కదా, ముందు సారీ చెప్పుకోవద్దా, చెప్పుకో, ఈసారి గ్రాహకాలను మూసేసే మందు ఇచ్చి చెప్పుకో చూద్దాం.

ఇచ్చింది, మెడ గోకుతూ చూస్తోంది, మెదడులోంచి సన్నని గొట్టంలో వచ్చే చుక్కలను యంత్రం చదువుతోంది, తెరమీద సెరటోనిన్ గీత లేవడం లేదు, ముద్దు కూడా ఆ గ్రాహకాల మీదుగానే లోపలికి పోయేదన్నమాట, గాస్పార్ మాటే నెగ్గింది, గంతులెయ్యాలి నిజానికి, కానీ సీసామీద మందు పేరు చూసినప్పటినుంచీ నాన్నే గుర్తొస్తున్నాడు, తాగుడు మానడానికి ఆయన రోజూ వేసుకునే మాత్ర కూడా అదే, స్ట్రాస్‌బూర్‌లో మంచు కరిగినప్పటినుంచీ చుక్క ముట్టలేదు, ఎంత మొక్కుకుంది అందుకోసం, కానీ పోయిన ఆదివారం కూగెల్‌హోఫ్ కేకు చేసి పట్టుకెళ్తే రుచేమీ తెలియడం లేదు, ఉత్త రొట్టెలా ఉంది బంగారం అన్నాడు, కౌగిలించుకుంటే, నీకు అబద్ధం చెప్పలేనే, లోపల ఏమీ అవడం లేదు, గోడని పట్టుకున్నట్టుంది అన్నాడు, ఒళ్ళు మండిపోయింది, అయితే ఈ గోడ ఇక రాదులే అని విసురుగా వచ్చేసింది, రేపు ఆదివారం రానని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేసింది కూడా, తాగిన రోజుల్లోనే నయం, ఎత్తుకుని పాటలైనా పాడేవాడు, ఛీ, అదేం ఆలోచన.

వేళ్ళను వెచ్చగా ఏదో తోసింది, గోకడం ఆపేసిందని ఎలుక, తెరమీద గీత అలాగే పడుకుని ఉంది, అయినా మెడ తెచ్చి చేతికింద దూరుస్తోంది, వెనకనుంచి గాస్పార్ కూడా వంగి చూసి, ఏమీ దక్కడం లేదు కదే మొద్దూ, మరి ఎందుకొస్తున్నావు అంటున్నాడు ఎలుకతో, ఎందుకో, ఆ రోజు నాన్న గోడలా ఉందని చెబుతూ చేతులు తీయలేదు, విడిపించుకున్నది తనే, మాత్ర మొదలుపెట్టినప్పటినుంచీ ప్రతి ఆదివారం తను వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంటున్నాడు, కౌగిలింతలో ఏమీ రాదని తెలిసి కూడా చేతులు చాస్తున్నాడు, ఎన్నిసార్లు చూసింది, చూసి కూడా గోడ అన్న మాటనే పట్టుకుని ఏడ్చింది, లోపల ఏమీ అవకపోయినా నాన్నకి తను కావాలి.