చెవి తెగిన గుడ్లగూబలు

పిచ్చుకకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తను చూడని క్షణంలో, నిద్రలోనే, బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనని.

దొంగలంటే భయం లేదు, చీకటంటే భయం లేదు, ఆఖరికి ఆడపడుచు నోరన్నా అంత భయం లేదు. ఈ ఒక్కటే. డాక్టరమ్మ బిడ్డను తిప్పి తిప్పి చూసి, "గుండ్రాయిలా ఉందమ్మా, ఏ ఢోకా లేదు" అని చెప్పింది. ఆ మాటను పిచ్చుక కొంగున ముడేసుకున్నంత జాగ్రత్తగా తెచ్చుకుంది గానీ, ఇంటికొచ్చేలోపే అది దారిలో ఎక్కడో జారిపోయింది.

పిచ్చుక అన్నది అసలు పేరు కాదు. సన్నగా, ఎప్పుడూ మెడ అటూ ఇటూ తిప్పుతూ, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతూ ఉంటుందని ఆడపడుచు పెట్టిన పేరు. పెళ్లయిన కొత్తలో ఆ పిలుపుకి ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆ ఆడపడుచుకి, అంటే పిచ్చుక వదినకి, ఇంటి కింది భాగంలో లేజర్ పని చేసే చిన్న వర్క్‌షాపు ఉంది. రెండే గదులు. లోపలి గదిలో మెషీను. బయటి గదిలో ప్యాకింగ్ బల్ల, గోడ వారగా ఉయ్యాల. మధ్యలో తలుపు, తలుపుకి గాజు పలక. చెక్క కాలిన పొగ బిడ్డకు తగలకూడదని ఆ తలుపు మూసే ఉంచుతారు. గాజులోంచి చూస్తే బల్ల కనిపిస్తుంది, వీధి తలుపు కనిపిస్తుంది. ఉయ్యాల మాత్రం కనిపించదు. ఎదురుగా జరుపుదామంటే కిటికీ ఎండ తిన్నగా బిడ్డ మొహాన పడుతుంది.

మెషీను నేర్పింది కూడా వదినే. చెక్కను లోపల పరిచి మూత వేసి మీట నొక్కితే, లేజర్ తల ముందు అటూ ఇటూ పరిగెడుతూ బొమ్మను కాల్చి చెక్కుతుంది. చెక్కుడు అయ్యాక అదే తల నెమ్మదించి, బొమ్మ చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగి కోసేస్తుంది. చెక్కుడు వేరు, కోత వేరు. కానీ రెండూ కవల పిల్లల్లా కలిసి నడవాలి. ఒకటి వెంట్రుకవాసి పక్కకి జరిగినా రెండోది తప్పు చేసినట్టే కనిపిస్తుంది.

మందం చెక్క మీద ఆ చిక్కు ఎన్నడూ రాలేదు. ఈసారి పిల్లల లైబ్రరీ వాళ్లు పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకునే గుడ్లగూబ బొమ్మలు కావాలన్నారు. పేజీల మధ్య ఇమడాలి కాబట్టి చెక్క రేకు అట్టకంటే పలుచగా ఉంది. అక్కడ మొదలైంది తంటా. ఒక రేకు ముత్యంలా వస్తుంది. తర్వాతి రేకులో గీత పక్కకి జరిగి, గుడ్లగూబల ఎడమ చెవులు తెగిపోతాయి.

వదిన తెగిన వాటిని బల్ల మీద వరసగా పేర్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమే పిచ్చుకా, వీటి చెవులు ఎవరు కొరికారు?"

"తెలీదొదినా. నేనేం మార్చలా. అదే ఫైలు, అదే స్పీడు."

"ఎలకలు కొరికాయని లైబ్రరీ వాళ్లకి చెప్పనా? లేకపోతే ఇవి చెవిటి గుడ్లగూబలు, ప్రత్యేకం అని చెప్పనా?"

పిచ్చుక నవ్వబోయి మానుకుంది. వదిన నవ్వటం లేదు.

"చూడూ, నిన్నేం తిట్టట్లా. బాబాయిని పిలిచాను. తప్పు మెషీన్‌ది అయితే బాగుచేయిద్దాం. కాదంటే మాత్రం రేపట్నుంచి నువ్వు బజార్లో మన షాపు కౌంటర్ దగ్గర కూర్చో, ఇక్కడ నేను చూసుకుంటా. బుజ్జిదాన్ని పైన మా అత్తగారి దగ్గర వదిలేసి పో, హాయిగా చూసుకుంటుంది."

వదిన అత్తగారు మంచి మనిషే, బిడ్డంటే ప్రాణమే. కానీ చెవి పక్కన పిడుగు పడినా "ఎవరో తలుపు కొట్టినట్టున్నారు" అనే రకం. పిచ్చుక ఉయ్యాల వైపు చూసింది. పైకి మాత్రం "సరే వదినా" అంది.

బాబాయి అంటే ఎవరికీ స్వంత బాబాయి కాదు. ఆ వీధిలో మెషీన్లన్నిటికీ ఆయనే వైద్యుడు. చొక్కా జేబు నిండా మరలే, నడిస్తే గలగలమంటాడు. అందుకే ఆయన లేనప్పుడు అందరూ గజ్జెల బాబాయి అంటారు.

ఆయన వచ్చీ రాగానే మూత తీసి, లోపలి బెల్టును వీణ తీగలా వేలితో మీటి చెవి ఒగ్గి విన్నాడు. "బిగువుగానే ఉంది." చక్రాల మరలు తిప్పి చూశాడు, ఒక్కటీ వదులు లేదు. లేజర్ తలను పట్టుకుని, ఊగే పన్నును పరీక్షించినట్టు కదిపాడు. కదల్లేదు. వెలుగును మలుపు తిప్పే అద్దాలు తుడిచాడు, కటకం ఊది తుడిచాడు. తర్వాత ఒక పాత అట్ట మీద చిన్న గడి చెక్కించి, దాని మీదే గడి కోయించాడు. గీత మీద గీత కూర్చుంది.

"బెల్టు సాగితే తేడా పోనుపోను పెరుగుతుందమ్మాయ్. మర వదులైతే ప్రతి రేకుకీ వస్తుంది. ఇది చూస్తే వచ్చినప్పుడు వస్తుంది, రానప్పుడు రాదు. ఇదేదో మా బావమరిది వ్యవహారంలా ఉంది."

"మరి గుడ్లగూబలు వేసి చూడు బాబాయ్" అంది వదిన.

ఆయనే వేశాడు. రేకు నిండా గుడ్లగూబలు రెండు చెవులతో, కళ్లు మిటకరిస్తూ వచ్చాయి.

"మెషీనుకి ఏ రోగమూ లేదు. షుగరు నాకే ఉంది. టీలో చక్కెర తక్కువ వెయ్యి."

వదిన చూపు పిచ్చుక మీద పడింది. "నువ్వు వెయ్యి, చూస్తాం."

పిచ్చుక వేసింది. ఇద్దరూ వెనక నిలబడి ఉండగా, పొగ లాగే ఫ్యాను హోరులో, గాజు పలక వైపు కన్నెత్తకుండా మొదటినుంచి చివరిదాకా నడిపింది. ఆ కాసేపూ ఆమె ఊపిరి ఆమెకే అందలేదు. గుడ్లగూబలు మాత్రం చక్కగా వచ్చాయి.

"ఇదేం విచిత్రమే!" అంది వదిన. టీ పెట్టడానికి పైకి వెళ్లింది. బాబాయి చేతులు కడుక్కుందామని వీధి కుళాయి దగ్గరకి నడిచాడు. పోతూ పోతూ "ఇంకో రేకు వేసుంచు అమ్మాయ్" అన్నాడు.

ఒంటరిగా మిగిలిన పిచ్చుక ఇంకో రేకు వేసింది. చెక్కుడు అయింది. కోత మొదలవకముందే, రోజూ చేసే పనే, మెషీన్ని కాసేపు నిలిపింది. గోడ మీది మీట నొక్కి ఫ్యాను ఆపింది. ఆ హోరు పోతేనే పక్క గది వినపడుతుంది. తలుపు సందు చేసి, తల వంచి విన్నది. ఉయ్యాల్లోంచి చిన్న గుర్రు. ఉఫ్... ఉఫ్... ఉంది. ఊపిరి ఉంది. తలుపు మూసి ఫ్యాను వేసి కోత నడిపింది.

మూత తీస్తే, గుడ్లగూబల ఎడమ చెవులు లేవు.

బాబాయి తిరిగొచ్చి ఆ రేకును వెలుతురుకి ఎత్తి చూశాడు. "భలేగా ఉందే! మేమున్నంతసేపూ బుద్ధిగా కూర్చుంది, గడప దాటగానే అల్లరి. అచ్చం మా మనవడే." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నేను వెళ్లాక ఏం చేశావు తల్లీ?"

"ఏం లేదు బాబాయ్. ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే అంటే ఎట్లా?"

పిచ్చుక నేల చూపులు చూసింది. చెబితే పిచ్చిదంటారు. రేకు రేకుకీ మెషీను ఆపి బిడ్డ ఊపిరి వినే మనిషిని ఇంకేమంటారు? అమ్మ దగ్గర ఒకసారి నోరు జారితే, "అట్లాంటి ఆలోచన మనసులోకే రానియ్యకూడదు" అని కసిరింది. రానియ్యకపోవడానికి అదేమైనా వాకిట్లో నిలబడి తలుపు తడుతోందా? గోడల్లోంచి వస్తోంది.

టీ గ్లాసులతో వదిన దిగి వచ్చింది. రేకు చూసింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, అలసటగా, "సరేలే, రేపు షాపుకి పోదువుగాని. బుజ్జిదాని బట్టలు పైకి సర్దు" అంది.

ఆ గొంతులో కోపం లేకపోవటమే పిచ్చుకను భయపెట్టింది. కోపమైతే చల్లారుతుంది, ఇది నిర్ణయం. పైన కిటికీ దగ్గర ఏమీ వినపడని ముసలమ్మ, ఆమె ఒళ్లో బిడ్డ, ఎక్కడో బజారులో తను.

"ఫ్యాను ఆపుతాను" అనేసింది.

"ఏంటీ?"

"చెక్కుడు అయ్యాక, కోతకి ముందు. ఫ్యాను ఆపి వింటాను. బుజ్జిది... ఊపిరి తీస్తోందో లేదోనని. ఇవాళ ఒక్కరోజు కాదు. ప్రతి రేకుకీ." కొంగు వేలికి చుట్టుకుంది. "మీరుంటే ఆపను. సిగ్గేస్తుంది."

వదిన తల ఉయ్యాల వైపు తిరిగింది. బాబాయి మొహం మాత్రం పోయిన మర దొరికినట్టు వెలిగింది. "ఏదీ, మళ్లీ చెయ్యి! ఉన్నదున్నట్టు!"

మళ్లీ రేకు వేశారు. చెక్కుడయ్యాక ఆపింది. ముగ్గురూ మూత గాజులోంచి తొంగిచూశారు. ఫ్యాను ఆగగానే, రేకు అంచు ఎండుటాకులా మెల్లగా పైకి లేచింది. ఫ్యాను వేయగానే టప్పుమని కూర్చుంది. కూర్చుంది గానీ లేచిన చోట కాదు. దారపు పోగంత పక్కకి.

"అదీ సంగతి!" బాబాయి తొడ చరిచాడు. "రేకు కింది బల్ల నిండా తేనెపట్టులా గళ్లున్నాయి చూడు, ఫ్యాను పొగను ఆ గళ్లలోంచి కిందకి లాగుతుంది. పొగతోపాటు రేకునీ పట్టుకుంటుంది. మందం చెక్క తన బరువుకి తను పడుంటుంది, దానికి ఫ్యానుతో పన్లేదు. ఈ పలచటిదానికి ఆ గాలే చెయ్యి. ఆ చెయ్యి వదిలి మళ్లీ పట్టుకుంటే బొమ్మ అక్కడే ఉంటుందా? లేజరు మాత్రం పాపం, రేకు కదల్లేదనే నమ్మకంతో కోసుకుంటూ పోతోంది."

జేబులోంచి నాలుగు అయస్కాంతాలు తీశాడు. రేకు నాలుగు మూలలా ఇనుప బల్లకి అంటించాడు. "ఇప్పుడు ఆపుకో, వేసుకో, మళ్లీ ఆపుకో. నీ ఇష్టం."

ఆపారు, వేశారు. రేకు కిమ్మనలేదు. గుడ్లగూబలు రెండేసి చెవులతో బయటికొచ్చాయి.

పిచ్చుక చూపంతా వదిన మీదే ఉంది. నవ్వుతుందా, ఊరంతా చాటుతుందా? వదిన తెగిన గుడ్లగూబల్ని డబ్బాలోకి తోస్తూ, తల ఎత్తకుండా అంది. "మా వాడు పుట్టినప్పుడు నేను వాడి ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఎన్నిసార్లు పెట్టానో, చివరికి వాడికి నా వేలి జలుబు అంటుకుంది."

"నువ్వా వదినా?"

"మరి? నేనేమన్నా రాతి బొమ్మనా? ముందే చెప్పి చస్తే ఈ బొమ్మలన్నీ చెవులతో ఉండేవిగా! నోరుంది దేనికే నీకు, గుటకలు మింగడానికా?"

బాబాయి అప్పటికే బయటి గదిలో ఉన్నాడు. గోడకున్న గుండ్రటి అద్దం ఊడదీసి, ఉయ్యాలకి ఎదురు గోడ మీద పట్టుకుని అరుస్తున్నాడు. "అమ్మాయ్, నీ కుర్చీలో కూర్చో! గాజులోంచి చూడు! ఏం కనిపిస్తోంది?"

"కిటికీ."

"ఇప్పుడు?"

"నీ బట్టతల బాబాయ్."

"అది అపురూపం, చూసుకో. ఇప్పుడు?"

అద్దంలో ఉయ్యాల. ఉయ్యాల్లో పసుపు చొక్కా. ఆ చొక్కా మెల్లగా లేస్తోంది, దిగుతోంది.

"కనిపిస్తోంది" అంది పిచ్చుక.

"పొద్దస్తమానం అద్దాలతో వెలుగును మూల తిప్పేవాణ్ణి, నీ చూపు తిప్పలేనా?" అంటూ మేకు కొట్టాడు. బిడ్డ లేచి కయ్యిమంది. ఆ ఏడుపుకి పిచ్చుక తప్ప అందరూ కంగారుపడ్డారు. ఆమెకి ఏడుపంత హాయైన చప్పుడు లోకంలో ఇంకోటి లేదు.

భయం ఆ పూటతో పోయిందని కాదు. అద్దంలో చొక్కా కదలటం కనపడకపోతే లేచి వెళ్తూనే ఉంది. కానీ ఇప్పుడు దాచిపెట్టుకుని వెళ్లడం లేదు.

బిడ్డకు పాలిచ్చి మళ్లీ పడుకోబెట్టాక వదిన అడిగింది. "నువ్వు కంటినిండా పడుకుని ఎన్నాళ్లయిందే?"

ఆ ప్రశ్న పిచ్చుకకు వెంటనే ఎక్కలేదు. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఇంటికొచ్చిన వాళ్లంతా బిడ్డ పడుకుంటోందా, బిడ్డ తాగుతోందా అని అడిగినవాళ్లే. మొగుడు లారీ దిగి ఇంటికొచ్చినా ముందు ఉయ్యాల దగ్గరకే పోతాడు. అందులో తప్పేం లేదు. తనూ అంతే.

"తెలీదొదినా" అంది.

"ఆ చాప వెయ్యి. మిగిలిన రేకులు నేను వేస్తా. అద్దం నాకూ కనిపిస్తుంది, నాకూ కళ్లున్నాయి."

ఉయ్యాల కింద చాప మీద ఒరిగింది. కళ్లు మూసుకుంటే గోడవతల ఫ్యాను హోరు, లేజర్ తల పరుగు. నిద్ర పట్టీ పట్టనట్టు ఉండగా హోరు ఆగింది. తలుపు కిర్రుమంది. వదిన అడుగులు. ఉయ్యాల దగ్గర ఆగాయి, కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత చాప పక్కన మోకాళ్లు పటుక్కుమన్నాయి, కాలిన చెక్క వాసనేసే వేలొకటి పిచ్చుక ముక్కు కిందకి వచ్చి నిలబడింది.

పిచ్చుక కళ్లు తెరవలేదు. ఆ వేలి మీదకి ఊపిరి నిండుగా వదిలింది. హోరు మళ్లీ మొదలయ్యేసరికి ఆమె నిద్రలో ఉంది.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీకు తెలిసిన చోట పసిబిడ్డ తల్లి ఒకతి ఉండే ఉంటుంది. ఈ పుస్తకం పక్కన పెట్టి ఒకసారి వెళ్లి చూసి రండి. ఉయ్యాల దగ్గరకి తర్వాత పోవచ్చు, అక్కడికి అందరూ పోతారు. ముందు ఆమెను చూడండి. నువ్వు పడుకున్నావా అని అడగండి.