నా మీద పోసిన కొల్లేరు

నేను ఒక చీరని. అలా చెప్పుకునే రోజులు పోయాయనుకోండి. ఇప్పుడు నన్ను కాన్వాస్ అంటున్నారు. నాలుగు చెక్కల మీద బిగించి, మేకులు కొట్టి, గోడకి వేలాడదీసిన వస్తువు తన పేరేమిటో తనే చెప్పుకుంటే వినేదెవరు? అయినా చెప్తాను. గంధం రంగు ఒళ్ళు, ఎర్ర అంచు, మంగళగిరి మగ్గం మీద పుట్టుక. ఆ అంచు ఇప్పుడు ఎవరికీ కనిపించదు. చెక్క వెనక్కి మడిచేశారు. దాని మొహం గోడకేసి ఉంది.

నన్ను కొన్నవాడు పెద్దిరాజు. కొల్లేరు లంకలో చేపలు పట్టుకునే మనిషి. కూతురు పుట్టిందని, పెళ్ళానికి కొత్త చీర పెట్టాలని ఏలూరు వచ్చి, బట్టల కొట్లో నన్ను రెండు చేతుల్లోకి తీసుకుని మొహం దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"శెట్టిగారూ, ఇది నీళ్ళలో పడితే రంగు దిగుద్దా అండీ?"

"చీర కట్టుకుని నీళ్ళలో ఎవరు పడతారయ్యా?"

"మా లంకలో పడదామన్నా నేల దొరకదండి, అన్నీ నీళ్ళే!" అని నవ్వాడు.

ఆ నవ్వుకి ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడి కన్ను ఒక్కటే తెరుచుకుని నన్ను చూస్తోంది. మనుషుల నవ్వుని అంత దగ్గరగా చూసే అదృష్టం బట్టలకే ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకున్నాను. ఎప్పుడో ఒకనాటికి నాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేకుండా పోతుందని అప్పుడు తెలియదు.

ఆయన భార్య నాంచారమ్మ నన్ను విప్పి చూసి అన్న మొదటి మాట: "ఇంత లేత రంగా? దిట్టి తగిలిపోద్ది."

ఆమె భయపడని వస్తువు ఆ ఇంట్లో లేదు. గాలేస్తే దోనె తిరగబడుతుందని భయం, గాలి లేకపోతే ఏదో తుఫాను పొంచి ఉందని భయం. పిల్ల తుమ్మితే జ్వరమని, తుమ్మకపోతే జలుబు లోపలే ఉండిపోయిందని. ఆమెను చుట్టుకుని తిరిగినదాన్ని కదా, ఆ భయం నాకూ అంటుకుంది. పసుపు మరకలాంటిది, ఎంత ఉతికినా పోలేదు. అందుకే నా మాటల్లో కీడు ముందు, మేలు వెనక వస్తుంటే విసుక్కోకండి.

ఆ ఏడు వరద వచ్చి ఊరంతా గట్టు మీది బడిలోకి చేరినప్పుడు, పెట్టె అడుగున పొడిగా మిగిలింది నేనొక్కదాన్నే. బడి దూలానికి కట్టి నన్ను ఉయ్యాల చేశారు. కొత్త చీర పాడైపోతుందని నాంచారమ్మ గొణిగితే, "చీర కంటే పిల్ల పాతదా ఏంటే?" అన్నాడు పెద్దిరాజు. వాన వెలిసేదాకా ఆ పసిపిల్లని, సుభాషిణిని, మోశాను. ఆ పిల్ల బరువు నా పోగులకి ఇప్పటికీ తెలుసు. తెలియకుండా ఉంటే బాగుండేది.

సుభాషిణికి ఊహ తెలియకముందే పెద్దిరాజు పోయాడు. చేపలు పడే వెదురు బుట్టలు, మావులు, పెట్టి వస్తానని పొద్దున్నే తాటిదోనె తీసుకెళ్ళాడు. గాలి లేచింది. దోనె ఒక్కటే కిక్కిస గడ్డి దుబ్బుల్లోకి కొట్టుకొచ్చింది. మనిషి తర్వాత దొరికాడు గానీ, ఆ మొహం చూడలేవంటూ పెద్దవాళ్ళు నాంచారమ్మని దగ్గరికి రానివ్వలేదు.

ఆయన ఫొటో అంటూ ఉన్నది పాత రేషన్ కార్డు మీద ఒక్కటే, ముగ్గురూ కలిసి దిగింది. పాతది ఇస్తేనే కొత్త కార్డన్నారు. ఇచ్చేసింది. కొత్త కార్డులో ఆయన పేరూ లేదు, బొమ్మా లేదు. బియ్యం మాత్రం సరిగ్గా ఇద్దరికే కొలిచారు. మనుషుల లెక్కలు అంత ఖచ్చితంగా ఉంటాయి.

వాళ్ళ ఇళ్ళల్లో ఏటా పెద్దలకి బట్టలు పెట్టుకునే ఆచారం ఉంది. పోయినవాళ్ళ ఫొటో ముందు కొత్త బట్టలు పెట్టి, ఫొటోకి బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుంటారు. నాంచారమ్మ పంచె, కండువా కొని గోడ ముందు పెట్టేది. గోడకి మేకు ఉంది, మేకుకి ఏమీ లేదు. బొట్టు గోడకే పెట్టేది. ఏళ్ళు గడిచేసరికి ఆ మేకు కింద సున్నం ఎర్రబారిపోయింది. "గోడకి దణ్ణం పెడతన్నావేంటి పిన్నీ?" అని పక్కింటివాళ్ళు వేళాకోళం చేసినా మానేది కాదు.

పిల్లకి బొమ్మలు వేయడం దానంతట అదే వచ్చింది. చదువయ్యాక ఆకివీడులో డ్రాయింగ్ టీచరైంది. ఒకనాడు ఆయాసపడుతూ ఇంటికొచ్చింది.

"అమ్మా, బెజవాడలో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. 'మన నేల, మన నీరు' అని. మన జిల్లాల ఆర్టిస్టులందరూ తమ ఊరి చుట్టుపక్కల చూసినవి వేసి పంపాలి. నన్నూ పంపమన్నారు."

నాంచారమ్మ ముందు భయపడవలసినవన్నీ భయపడింది. బస్సులో జాగ్రత్త, ఎవరిచ్చినా టీ తాగకు, ఆ రంగుల వాసనకి ఊపిరితిత్తులు పోతాయంట. ఆఖరికి అడిగింది.

"మన కొల్లేరు ఏత్తావా?"

"వేస్తాను."

"అందులో మీ నాన్ననీ ఎయ్యవే. దోనె మీద. ఆ ఎగ్జిబిషన్ అయ్యాక మనింటికి తెచ్చుకుందాం. మేకు ఉందిగా."

"నాన్న మొహం నాకు గుర్తు లేదు కదమ్మా."

"నేను సెప్తాను. గబగబా ఏసెయ్యి. నాక్కూడా కొంచెం కొంచెం పోతంది."

ఆ మాటంటూనే కలరా ఉండల వాసన మధ్యనుంచి నన్ను బయటికి తీసింది. "దీని మీద ఎయ్యి. ఆయన కొన్నదే."

నా ఒంటి మీద కత్తెర ఆడినప్పుడు ఏడవలేదు. ఉయ్యాలనైనదాన్ని, బొమ్మనవడానికి ఏడుస్తానా! సుభాషిణి నన్ను చెక్కలకి లాగి మేకులు కొట్టింది. చింతపిక్కల జిగురు కాచి, సుద్ద కలిపి పూసింది. "మేకు గుచ్చుకుంటే సెప్టిక్ అవుద్ది" అంటూ నాంచారమ్మ పక్కనే నిలబడింది. ముందు నీళ్ళు వచ్చాయి, తర్వాత కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క పువ్వులు, దూరంగా గూడబాతులు. నడుమ తాటిదోనె.

మొహం దగ్గరికి వచ్చేసరికి తల్లి స్టూలు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నుదురు ఇంకొంచెం పైకి. ముక్కు అంత తిన్నగా వద్దు, చిన్నప్పుడు దోనె గెడ తగిలి వంకరపోయింది. చెవి పక్కన వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి. ఒక్కొక్క మాటా చెప్పి, కళ్ళు మూసుకుని, లోపల వెతుక్కుని, ఇంకో మాట తెచ్చేది.

"నవ్వుతున్నట్టు వెయ్యనా అమ్మా?"

"ఒద్దొద్దు. నవ్వితే ఓ కన్ను మూసుకుపోద్ది ఆయనకి. కన్ను మూసినట్టు ఏత్తే అపశకునం. రెండూ తెరిచే ఉంచు."

అలా రెండు కళ్ళూ బాగా తెరిచిన మనిషి నా మీద తేలాడు. నిజం చెప్పాలంటే అచ్చంగా ఆయన కాదు. నన్ను కొన్న మనిషిని నేనెరుగుదును. కానీ నాంచారమ్మ స్టూలు మీంచి లేచి, పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని, "వచ్చేసేవా" అంది. ఇక నాదేముంది? ఆయనే అనుకున్నాను.

అన్నిటికీ భయపడిన ఆ తల్లి ఒక్కదానికి భయపడలేదు, కూతురి చేతిలో బ్రష్షుకి. నేనూ భయపడలేదు. మా ఇద్దరి తెలివీ అంతే.

ఎగ్జిబిషన్ దగ్గరపడ్డాక సుభాషిణి నన్ను ఫోన్లో ఫొటో తీసి పంపింది. నాంచారమ్మ చేపలమ్ముకోవడానికి వెళ్ళిన పూట, ఎగ్జిబిషన్ నడిపించే ఇందుమతి మేడమ్ నుంచి ఫోన్ వచ్చింది. సుభాషిణి స్పీకర్లో పెట్టింది కనుక నేనూ విన్నాను.

"సుభాషిణీ, ఆ నీళ్ళు అద్భుతం అమ్మా! ఆ వెలుతురు ఎలా పట్టావు? కానీ ఆ మనిషెందుకు? చూపంతా అతని దగ్గరే ఆగిపోతోంది. ఇది నేల, నీరు. మనుషుల బొమ్మలు కాదు కదా."

"ఆయన మా నాన్న అండీ."

"అయ్యో, అలాగా. నీ ఇష్టం తల్లీ. కాకపోతే ఇలా అయితే లోపలి చిన్న గదిలో పెట్టాల్సి వస్తుంది. అతను లేకపోతే గుమ్మానికి ఎదురుగోడ నీదే."

మాట ఎంత మెత్తగా ఉందో చూడండి. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు.

సుభాషిణి వచ్చి నా ముందు కూర్చుంది. ఇంకో గుడ్డ మీద ఇంకో కొల్లేరు వేసే వ్యవధి లేదు. లోపలి గదిలో ఉంటే వచ్చే నష్టమేమిటని నేను అడగలేను. "కొన్నాళ్ళు ఓర్చుకో నాన్నా, తిరిగొచ్చాక మళ్ళీ వేస్తాను" అంది. బ్రష్షు నిండా నీలం తీసుకుంది. దోనె మునిగింది. గెడ మునిగింది. భుజాలు, మెడ. రెండు కళ్ళూ తెరుచుకునే ఉన్నాయి ఆఖరిదాకా. కింది రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఆరేదాకా ఆగే ఓపిక కూడా ఆ పిల్లకి లేకపోయింది. నా ఒళ్ళో ఊగిన పిల్ల. తండ్రిని నా మీదే ముంచింది.

తల్లి వచ్చేసరికి నన్ను పాత దుప్పటిలో చుట్టి తాళ్ళు బిగించేసింది. "దారిలో దుమ్ము పడకుండా" అంది. నాంచారమ్మ దుప్పటి మీదనుంచే తడిమి, "ఊపిరాడుద్దా లోపల?" అంది.

బెజవాడలో ఎదురుగోడ నాదే అయింది. చుట్టూ పాపికొండలు, ఉప్పుమళ్ళు, మడ అడవులు, కొబ్బరితోటలు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. వరద హెచ్చరిక ఇచ్చి అన్ని ఊళ్ళూ ఖాళీ చేయించినట్టుంది. వచ్చినవాళ్ళు జ్యూసు గ్లాసులు పట్టుకుని, "ఎంత జీవం ఉందో!" అనుకుంటూ తిరుగుతున్నారు. నా కింద 'నిశ్శబ్ద కొల్లేరు' అని పేరు రాశారు. పెద్దిరాజు ఉన్నన్నాళ్ళూ కొల్లేరు నిశ్శబ్దంగా ఉండటం నేనెరగను.

మధ్యాహ్నానికి నాంచారమ్మ వచ్చింది, చెప్పకుండానే, ఒక్కతే, రెండు బస్సులు మారి. చేతిలో బట్టల కొట్టు కవరు. అందులో పంచె, కండువా. పెద్దలకి పెట్టుకునే రోజు ఇంకా దూరంలో ఉంది, ఆమె ఆగలేకపోయింది. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చింది.

దూరం నుంచే నన్ను చూసింది. నా పక్కన గోడ మీద అంటించిన గుండ్రటి ఎర్ర చుక్కని చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది. అక్కడే నిలబడి ఉన్న ఒకావిడతో చెప్పుకుంది.

"బొట్టెట్టారండి! అడక్కుండానే పెట్టారు. మంచోళ్ళండి ఈళ్ళు."

ఆవిడకి అర్థం కాక నవ్వింది. నాంచారమ్మ దగ్గరికొచ్చి కవరులో చెయ్యి పెట్టి తలెత్తింది. నీళ్ళు చూసింది. కిక్కిస చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి. ఒడ్డున నిలబడి దోనె కోసం చూసినట్టు.

సుభాషిణి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నువ్వెందుకొచ్చావు?"

"ఏడే మీ నాన్న?"

"ఇందులోనే ఉన్నాడమ్మా. కింద."

"ఏ కింద?"

"రంగు కింద. పైన నీళ్ళు వేశానంతే."

నాంచారమ్మ కేకలు వెయ్యలేదు. గొంతు బాగా తగ్గించింది, పెద్దవాళ్ళుండే చోటు కదా. "మళ్ళీ నీళ్ళ కిందేనా?"

"మళ్ళీ వేస్తానమ్మా. ఇంకో గుడ్డ మీద, ఇంతకంటే బాగా. నువ్వు పక్కన కూర్చుని చెబుదువు గానీ."

"ఏం సెప్పను? నా కాడ ఉన్నదంతా నీకు సెప్పేశాను. నువ్వేశాక నాకా బొమ్మే గుర్తుండిపోయింది. అంతకుముందుది పోయిందే. ఇప్పుడదీ లేదు, ఇదీ లేదు." కవరులోంచి చెయ్యి తీసి అంది, "పోన్లే. ఇంటికి తెచ్చేసుకుందాం. గీక్కుంటానో కడుక్కుంటానో, నా తిప్పలు నేను పడతాను. బొట్టు కూడా పెట్టారు."

సుభాషిణి తల వంచుకుంది. "అది బొట్టు కాదమ్మా. కొనేశారని గుర్తు."

నాంచారమ్మ ఆ ఎర్ర చుక్క కేసి చూసింది. తర్వాత నా చెక్కని గోడ మీంచి కాస్త లాగి, వెనక్కి చెయ్యి పోనిచ్చింది. మడిచిన అంచు వేళ్ళకి తగిలింది. అక్కడ ఆగింది ఆ చెయ్యి. "అమ్మగారూ, ముట్టుకోకూడదండీ!" అని ఎవరో వస్తూనే ఉన్నారు. ఈలోగా కవరులోంచి కండువా తీసి, మడత విప్పకుండా, నాకూ నా చెక్కకీ మధ్య దోపేసింది. పంచె కవరులోనే ఉంచుకుంది.

"పద. బస్సు దొరకదు," అంది కూతురితో.

అద్దాల తలుపు లోంచి రోడ్డు కనిపించేది నాకు. ఆ పిల్ల కాలేజీకి వెళ్ళే రోజుల్లో కూడా చెయ్యి పట్టుకోకుండా రోడ్డు దాటనివ్వని మనిషి నాంచారమ్మ. ఆ రోజు లారీలు పోతున్నాయి, బస్సులు పోతున్నాయి. కవరు గుండెలకి పెట్టుకుని ముందు తను దాటేసింది. సుభాషిణి వెనకాల, చెయ్యి కాస్త ముందుకి చాపి, ఒక్కతే దాటింది.

నన్ను కొన్నది ఒక చేపల చెరువుల ఆసామి. అసలు కొల్లేరుకి గట్లు కట్టించినాయన, బొమ్మ కొల్లేరుకి బంగారు రంగు చట్రం కట్టించాడు. వెనకనున్న కండువాని, చెక్క గోడకి ఒరుసుకోకుండా పెట్టిన మెత్త అనుకున్నారు కాబోలు, అలాగే వదిలేశారు. ఆయన గెస్ట్ హౌస్‌లో భోజనాల బల్ల ఎదురుగా ఉంటాను. కొరమీను పులుసు తింటూ వచ్చినవాళ్ళు నన్ను చూసి, "ఎంత ప్రశాంతంగా ఉందండీ!" అంటారు.

మొన్నటి వానాకాలానికి నా మీద సన్నగా బీట వారింది. పచ్చి రంగు మీద పూసిన రంగు ఎప్పటికైనా విడవక మానదు. పెద్దిరాజు ఎడమ కన్ను ఉన్నచోట, నీలం మీద, వంపు తిరిగిన చిన్న గీత. మూసుకున్న కన్నులా. ఏలూరు కొట్లో నన్ను చూసి నవ్విన కన్నులా. నాంచారమ్మ చూస్తే పోల్చుకుంటుంది. కానీ ఆమెని ఈ గుమ్మంలోకి రానిచ్చేదెవరు?

ఆసామి కూడా గీతని చూశాడు. "ఆ బొమ్మ వేసిన అమ్మాయికి కబురు పెట్టండి, వచ్చి సరిచేస్తుంది" అన్నాడు నిన్న. అంటే సుభాషిణి వస్తుంది. బ్రష్షు పట్టుకుని నా ముందు నిలబడుతుంది. గీత వెంట గోటితో గీరి తండ్రిని పైకి లాగుతుందో, ఇంకో చుక్క నీలం తీసుకుని ఆ కన్ను మీద అద్దుతుందో.

ఇంకొకరైతే మంచే జరుగుతుందని చెప్పేవారు. నేను నాంచారమ్మ ఒంటి మీద పెరిగినదాన్ని. వెనకనున్న కండువాని గట్టిగా ఆనుకుని, తలుపు చప్పుడైన ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నాను.